పద్దెనిమిదో మడి

టుక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టుక్, టుక్.

సంతలో కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో తట్టి వింటారే, అట్లాంటి చప్పుడు. తెల్లవారుజామున గుట్ట వాలు మీదినుంచి వస్తోంది. తూర్పున వెలుతురు ఇంకా బూడిద రంగులోనే ఉంది. చప్పుడు ముందుకు నడిచింది, ఆగింది, ఏదో మరిచిపోయినట్టు రెండడుగులు వెనక్కి వచ్చి అదే చోట ఇంకోసారి తట్టింది. ఆ తర్వాతే మనిషి కనిపించింది. ఎగ్గట్టిన చీర, దాని మీద పనివాళ్లకిచ్చే ఆకుపచ్చ చొక్కా, చేతిలో వెదురు కర్ర. ఎడమ మోకాలు మడవకుండా, కాలిని పక్కకు తిప్పి వేస్తూ నడుస్తోంది. పేరు సాలమ్మ. తనకు యాభై నాలుగేళ్లుంటాయని ఆమె అంచనా.

మర్రిగూడ వైపు పోయే రోడ్డు పక్కన, రాళ్లగుట్టల నడుమ, పట్నం వాళ్లు వచ్చి ఆడుకునే గోల్ఫ్ మైదానం అది. మే నెలలో చుట్టూ పత్తి చేన్లు ఎర్రగా నోరు తెరుచుకుని పడి ఉంటే, కంచె లోపల మాత్రం పచ్చదనం కళ్లకు గుచ్చుకుంటుంది. బంతి పడాల్సిన గుంతలు పద్దెనిమిది. ఒక్కో గుంత చుట్టూ బియ్యపు గింజ ఎత్తున కత్తిరించిన గడ్డి చాపలా పరుచుకుని ఉంటుంది. ఆడేవాళ్లు దాన్ని గ్రీన్ అంటారు. సాలమ్మ మడి అంటుంది.

ఆ పద్దెనిమిది మళ్లను వినడం ఆమె పని. తడి ఉన్న నేల కర్ర కింద మెత్తగా, నిండుగా పలుకుతుంది. లోపల ఎండిన నేల బోలుగా మోగుతుంది. గడ్డి పైకి ఇంకా పచ్చగా నవ్వుతుండగానే కింద దాహం మొదలైన సంగతి కర్రకు తెలిసిపోతుంది. ఈ విద్య ఎవరూ నేర్పింది కాదు. చిన్నప్పుడు తల్లితో సంతకు పోయి కుండలు తట్టిన చెయ్యి అది.

ఆ శనివారం రోహిణి కార్తె ప్రవేశించింది. రోళ్లు పగిలే ఎండలంటారు. ఆ శని, ఆదివారాల్లోనే మైదానంలో పెద్ద పోటీ పెట్టారు. రెండు రోజుల్లో నూట ఇరవై మంది ఆడతారు. ముందురోజు సాయంత్రం గడ్డి చూసుకునే సూపర్‌వైజర్ దివాకర్ పనివాళ్లను వేపచెట్టు కింద నిలబెట్టి ఒక మాట చెప్పాడు. అతను బాపట్లలో వ్యవసాయం చదివి వచ్చిన పిల్లాడు. మాట మెత్తన, గుండె ఇంకా మెత్తన.

"మేనేజర్ అమరేందర్ గారు ఖాయంగా చెప్పేశారండి. పద్దెనిమిదో గ్రీన్ క్లబ్బు బాల్కనీకి ఎదురుగా ఉంటుంది. ఆదివారం సాయంత్రం బహుమతులు అక్కడే. అప్పటిదాకా అది పచ్చగా ఉంటే మనం ఉంటాం. మచ్చ పడిందా, సోమవారం నుంచి పట్నం కంపెనీ వస్తుంది. మిషన్లూ వాళ్లవే, మనుషులూ వాళ్లే."

పన్నెండు మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాలమ్మ తన మోకాలు చూసుకుంది.

ఆ మోకాలు ఆ ప్రాంతపు నీళ్లది. ఫ్లోరైడ్ ఉన్న బాయి నీళ్లు తాగి పెరిగిన వాళ్ల పళ్లు ముందు గోధుమరంగుకు తిరిగేవి, తర్వాత ఎముకలు బిగుసుకునేవి. సాలమ్మ నవ్వేటప్పుడు ఇప్పటికీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నలభై దాటాక ఆ కాలు మడతపడటం మానేసింది. కూర్చుని కలుపు తీయలేని, వంగి పత్తి ఏరలేని మనిషిని కూలికి ఎవరు పిలుస్తారు? ఇక్కడైతే నిలబడి చేసే పని. కర్ర, పైపు, రెండు చెవులు చాలు. ఇది పోతే ఇంకొక పని లేదు. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

శనివారం పొద్దున పోటీ హడావుడికని ఊళ్లోంచి అదనంగా ఆరుగురు ఆడవాళ్లను తెచ్చారు. అందులో జంగమ్మను తెచ్చింది సాలమ్మే. తమ్ముడి భార్య. గొర్లు కాసే ఇల్లు. ఆ ఊరి కలుపు కూలీల్లో ఆమె చెయ్యి పట్టిన సాలులో మళ్లీ కలుపు మొలవదని పేరు.

దివాకర్ వాళ్లకు పని పంచాడు. "గ్రీన్ల అంచుల్లో ఇంకో రకం గడ్డి కనిపిస్తే తీసేయండమ్మా. మట్టి మాత్రం గ్రీన్ మీద దులపొద్దు." అంతే చెప్పాడు. అతనికి అంతకన్నా చెప్పాల్సింది ఉందని తోచలేదు. సాలమ్మ పక్కనే ఉంది. ఆమెకు తోచింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, పైపు భుజాన వేసుకుని ఏడో మడికి వెళ్లిపోయింది.

తొమ్మిది గంటలకు ఆమె పద్దెనిమిదో మడి చేరేసరికి జంగమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, పండుగ ముందు ఇల్లు అలికినదానిలా నిలబడి ఉంది.

"చూడు వదినె. ఒక్క కణుపు ఇడ్వలే."

మడికి ఎడమ పక్క, ముందు భాగంలో, మూడు చేటలంత మేర ఎర్రటి ఇసుక బయటపడి ఉంది. శుభ్రంగా, నున్నగా, పత్తి సాలు మధ్య జాగాలా. దానికి మూడడుగుల దూరంలో గడ్డి మీద తెల్ల రంగు చుక్క. ఆదివారం నాటి గుంత అక్కడే తవ్వాలని ముందురోజే పెట్టిన గుర్తు.

సాలమ్మ కర్ర కొసతో ఆ ఇసుకను తట్టి చూసింది.

"ఏం జేసినవే జంగీ?"

"ఏం జేసిన? కలుపు దీసిన. అంచుల గరిక తీగ దొరికింది. దాని ఎంబడి వడ్డ. ఎట్లున్నది వదినె గది, లోపలికి పోయి గీ మెత్త గడ్డిల కలిసి దాసుకున్నది దొంగముండ. గరికను సగం దీస్తె తియ్యనట్టే గదా. ఆఖరి కణుపు దాక పోయిన."

"దాసుకోలేదే. గదే గిది."

"ఏదే గది?"

"మడి మొత్తం గరికనే. నువ్వు పీకింది పంట."

జంగమ్మ నవ్వింది. వదినె పరాచికమాడుతోందని అనుకుంది. "గరికను పంట అంటరా ఎవలన్న? నువ్వే అంటివి గదా, ఫారిన్ గడ్డి, ఇమానంల తెచ్చిన్రని."

అది నిజం. తొమ్మిదేళ్ల నుంచీ సాలమ్మ ఊళ్లో ఆ మాటే చెబుతోంది. పనిలో చేరిన మొదటి నెలలోనే ఆమె తీగ లేపి కణుపులు చూసి గుర్తుపట్టింది. ఎంత సన్నగా పెంచినా, ఎక్కడినుంచి తెచ్చినా, ఎన్ని పేర్లు పెట్టినా అది గరికే. కానీ ఊళ్లో ఆ మాట ఎట్లా చెప్పడం? ఆమె భర్త లచ్చయ్యకు రెండెకరాలుండేవి. గరిక పట్టిన చేను. ఎంత తవ్వినా, ఎంత కాల్చినా పైకి లేచేది. చివరి రోజుల్లో అతనికి ఒంట్లో బలం లేక చేను పచ్చగా గరికతో నిండిపోతే, దారిన పోయేవాళ్లు ఆగి "లచ్చన్న పంట మంచిగున్నది" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు వింటూనే పోయాడు. అట్లాంటి ఇంటి ఆడది జీతం తీసుకుని గరికకు నీళ్లు పోస్తోందంటే, ఆ నవ్వు మళ్లీ గడప ఎక్కదా? అందుకే ఫారిన్ గడ్డి.

జంగమ్మ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "నిజమేనా వదినె?"

"పీకింది యాడ వెట్టినవ్? దులిపినవా?"

"దులపలే. మన్ను మడి మీద రాలొద్దని సారు చెప్పె గదా. మ్యాకపిల్లలకని మూట గట్టిన. తడి గోనెల వెట్టి ఆ చెట్టు కింద పెట్టిన."

కలుపు కూలికి వెళ్లిన ఆడది తీసిన గడ్డిని ఊరికే పారేయదు. మేకకో బర్రెకో మూట కట్టి నెత్తిన పెట్టుకుని ఇల్లు చేరుతుంది. సాలమ్మ జీవితంలో ఆ అలవాటుకు అంతగా మొక్కిన రోజు లేదు. చెట్టు దగ్గరికి కుంటుతూ పరుగెత్తింది. గోనె విప్పింది. కుర్పీతో అడ్డంగా కోసిన గడ్డి చెక్కలు, అరచేతి మందాన, వేళ్లకు ఇసుక పట్టుకునే ఉన్నాయి. చల్లగా ఉన్నాయి.

అప్పుడే దివాకర్ బండి దిగాడు. ఎర్ర ఇసుక చూశాడు. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"అయిపోయిందండి. నేనే చెప్పాను కదా, వేరే గడ్డి తీయమని. నేనే చెప్పాను."

"సారు, లేవండి. మొదటి జట్టు ఎంతసేపట్ల వస్తది?"

"నలభై నిమిషాలు. చుట్టూ సున్నం గీత గీసి మరమ్మతు అని రాయొచ్చు. రూలు ఒప్పుకుంటుంది. కానీ బాల్కనీలోంచి అదే కనిపిస్తుంది."

"గీత వద్దు. గరిక సావది సారు. గట్టు మీద ఎండల పారేస్తె నెల దినాలకు గుడ లేస్తది. దాన్ని సంపుదామని నా పెనిమిటి సచ్చిండు. దానికి జర ఓపిక, నీడ ఇస్తె సాలు."

ఇసుకను చదును చేశారు. సాలమ్మ నిలబడి కర్రతో చూపిస్తూ ఉంటే, జంగమ్మ మోకాళ్ల మీద కూర్చుని చెక్కకు చెక్క ఆనించి పేర్చింది, రొట్టె ముక్కలు మళ్లీ రొట్టె చేసినట్టు. సందుల్లో ఇసుక నింపారు. పైన బల్ల పరిచి జంగమ్మను ఎక్కి తొక్కమన్నారు.

"నన్నెందుకు ఎక్కమంటవ్, నువ్వెక్కు" అంది జంగమ్మ, కళ్లు తుడుచుకుంటూనే.

"నా తమ్మున్ని అడుగు, ఎవల బరువెక్కువనో."

పైపు విప్పారు. ఎండలో పడి ఉన్న నల్ల పైపులోని నీళ్లు పొయ్యి మీది ఎసరులా ఉంటాయి. దివాకర్ తొందరపడి గడ్డి వైపు తిప్పబోతే సాలమ్మ చెయ్యి పట్టుకుంది. వేడి తగ్గేదాకా తుప్పల్లోకి వదిలింది. చంటిపిల్ల స్నానానికి చూసినట్టు ముంజేతి మీద పోసుకుని చూసి, అప్పుడు సన్నటి తుంపర చేసి చల్లింది. మొదటి జట్టు కర్రలు పట్టుకుని వాలు ఎక్కే వేళకు ముగ్గురూ చెట్టు కింద, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నారు. ఆ రోజు గుంతా, అందులో పాతిన జెండా కుడివైపు వెనక ఉన్నాయి. ఎడమవైపు ఎవరూ రాలేదు.

పన్నెండు దాటాక ఎండ తెల్లబడింది. గుట్ట రాళ్ల మీదినుంచి గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు వస్తోంది. గరిక దాహంతో ఉన్నప్పుడు ముందు పసుపు కాదు, నీలిగా మారుతుంది. అడుగు వేస్తే అడుగు జాడ లేవదు. ఒంటి గంటకు అతికిన చోట ఆ నీలి కనిపించింది. సాలమ్మ కర్రతో తట్టింది. బోలు. నీళ్లు పైనే జారిపోతున్నాయి, లోపలికి దిగడం లేదు.

బల్లకు మేకులు దిగ్గొట్టి తెచ్చారు. దాంతో సన్నగా పొడిచి, చెంచాతో మందు పోసినట్టు కొంచెం కొంచెం తడి పెట్టింది. జట్టుకూ జట్టుకూ మధ్య పది నిమిషాలు దొరికితే తడి గోనె కప్పడం, ఆటగాళ్ల మాటలు వినబడగానే తీసేయడం. అట్లా పంతొమ్మిది సార్లు. జంగమ్మ గోనె పట్టుకుని పరుగెత్తి పరుగెత్తి చివరికి అంది: "నా పిల్లలకు జరం వచ్చిన నాడు సుత గింత చెయ్యలే వదినె."

నాలుగున్నరకు గోనె తీయడం ఆలస్యమైంది. వచ్చింది ఆటగాళ్లు కాదు, మేనేజర్ అమరేందర్. బండిలో కూర్చునే గోనె వైపు చూశాడు.

"అదేంది?"

దివాకర్ నోరు తెరిచాడు. "చిన్న... టెస్టింగ్ సార్, తేమ..."

"సాలమ్మ, నువ్వు చెప్పు."

జంగమ్మ గోనె తీయబోయి ఆగి నిలబడి ఉంది. సాలమ్మ కర్రను రెండు చేతులతో పట్టుకుంది. అబద్ధం నోటిదాకా వచ్చింది, తొమ్మిదేళ్ల అలవాటు మీద. ఈసారి దాన్నే మింగింది.

"గడ్డి పీకిన్రు సారు. మళ్ల పెట్టినం. తప్పు నాది."

"నువ్వు పీకినవా?"

"పీకలే. గిది గరిక అని నాకు తొమ్మిదేండ్ల సంది ఎరుక. ఎవలకు చెప్పలే. నవ్వుతరని సిగ్గయి చెప్పలే. చెప్తె గీ పిల్ల పీకకపోవు. తియ్యాలంటె నన్ను తియ్యండి, ఆ పదకొండు మందిని ఉంచుండి."

అమరేందర్ బండి దిగలేదు. గోనె అంచును చూశాడు, వాచీ చూశాడు. "రేపు జెండా ఇక్కడనే. చుక్క జరపరు, కమిటీ పెట్టింది. రేపు సాయంత్రం దాకా చూస్త. ఆ తర్వాత మాట్లాడుదాం."

బండి వెళ్లిపోయాక జంగమ్మ గోనె మళ్లీ తడిపి కప్పింది. తర్వాత మెల్లగా అడిగింది: "లచ్చన్న చేన్ల ఉన్నది, గదేనా వదినె?"

"గదే."

ఆదివారం తెల్లవారి మళ్లీ టుక్, టుక్. ఈసారి చప్పుడు పద్దెనిమిదో మడి దగ్గరే మొదలైంది. అతికిన చోట సగం మేర నిండుగా పలికింది. సగం ఇంకా అటూ ఇటూ కాని గొంతుతో ఉంది. పైకి పచ్చగానే ఉంది, కానీ రాత్రి పెరిగిన గడ్డి వెంట్రుకవాసి ఎత్తు లేచింది. కత్తిరించకపోతే బంతి ఆగుతుంది. మిషను నడిపితే వేళ్లు పట్టని చెక్కలు పెకలిపోతాయి. దివాకర్ మిషను దగ్గర నిలబడి తల పట్టుకున్నాడు.

జంగమ్మ కొంగులోంచి ఒక కత్తెర తీసింది. గొర్ల ఉన్ని కత్తిరించే పొడుగు కత్తెర. నూరి తెచ్చింది. "మీ తమ్మునికి చెప్పలే, ఎత్కొచ్చిన."

ఆమె గడ్డి మీద బోర్లా పడుకుంది. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, గొర్రె కడుపు కింద చర్మం తెగకుండా కోసే నేర్పుతో, చేటకు చేట కత్తిరించింది. గంటన్నర పట్టింది. సాలమ్మ వెనక నిలబడి రాలిన కొసలను తడిగుడ్డతో అద్ది తీసింది. దివాకర్ పక్కన కూర్చుని చూస్తూ, కాలేజీలో ఇది చెప్పలేదండి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. జెండా పాతారు. గుంతకూ అతుకుకూ మధ్య మూడడుగులు.

ఆ రోజు ఎన్ని బంతులు ఆ అతుకు మీదినుంచి దొర్లాయో సాలమ్మ లెక్కపెట్టలేదు. ప్రతి బంతికీ కర్రను గట్టిగా పట్టుకుని, బంతి దాటాక వదిలేది. కొన్ని గుంతలో పడ్డాయి, కొన్ని పడలేదు. పడనివాళ్లు గాలిని తిట్టారు, కర్రను తిట్టారు, ఒకాయన తన కళ్లద్దాలను తిట్టాడు. గడ్డిని ఎవరూ అనలేదు.

ఐదున్నరకు చివరి జట్టు వచ్చింది. బాల్కనీ నిండా జనం. అమరేందర్ మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన వంతు. ఆ దెబ్బ గుంతలో పడితే కప్పు ఆయనది. బంతి సరిగ్గా అతుకు అవతల ఉంది. ఆయన చాలాసేపు గురి చూసి కొట్టాడు. బంతి అతుకు మీదికి వచ్చింది, దాటింది, గుంత అంచున పక్కకు తిరిగి బెత్తెడు దూరంలో ఆగింది.

బాల్కనీలో నిట్టూర్పు. పెద్దాయన కదల్లేదు. బంతి వచ్చిన దారిని కళ్లతో వెనక్కి నడిచి, అతుకు దగ్గర ఆగాడు.

"ఇక్కడ గడ్డిలో ఏదో ఉంది" అన్నాడు.

అమరేందర్ వచ్చి వంగాడు. అరచేయి గడ్డి మీద పెట్టి అటూ ఇటూ రుద్దాడు. చెట్టు కింద జంగమ్మ సాలమ్మ మోచేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి. మిగతా పదకొండు మంది కంచె వెంబడి నిలబడి ఉన్నారు.

పెద్దాయన ఆగిన బంతిని చిన్నగా తట్టి గుంతలో వేసి ఆట ముగించాడు. తర్వాత జేబులోంచి ఇంకో బంతి తీసి మొదటి చోటనే పెట్టాడు. ఈసారి గురి చూడలేదు, ఊరికే, విసుగ్గా కొట్టాడు. బంతి అతుకు మీదినుంచి నీళ్ల మీద ఆకులా సాగి, తిన్నగా వెళ్లి గుంతలో పడింది. టక్ మని చప్పుడు.

పెద్దాయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "గడ్డిది కాదులే. చెయ్యి వణికింది" అన్నాడు.

అమరేందర్ లేచి మోకాళ్లు దులుపుకుని చెట్టు దగ్గరికి వచ్చాడు. సాలమ్మ తల ఎత్తలేదు.

"సోమవారం పట్నం నుంచి ఎవ్వరూ వస్తలేరు" అన్నాడు. "గని ఒక్కటి. ఇగ కొత్తగ పనికి ఎవరొచ్చినా మొదలు నువ్వు నిలబడి చెప్పాలె, ఈ గడ్డి పేరేందో. అందరి ముంగట."

అది శిక్షో కాదో ఆమెకు తెలియలేదు. సోమవారం పొద్దున వేపచెట్టు కింద పనివాళ్లూ, ఊరి ఆడవాళ్లూ కూర్చున్నారు. సాలమ్మ కర్ర నేలకు ఆనించి చెప్పింది. "గిది గరిక. మన చేన్లల్ల ఉండేదే. గుర్తువెట్టుకోండ్రి, పీకకుండ్రి." ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బిక్షమ్మ అనే ముసలామె పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది. సాలమ్మ వింది. లచ్చయ్య విన్న నవ్వేనా అని చెవి పెట్టి, కుండను తట్టి విన్నట్టు వింది. అది కాదు. ఇందులో బోలు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి ఆమె కూడా నవ్వింది.

ఇదంతా ఆమె పద్దెనిమిదో మడి అంచున పైపు పట్టుకుని, మధ్య మధ్య ముంజేతి మీద నీళ్లు పోసుకుని చూస్తూ చెప్పింది. అతుకు ఎక్కడుండేదో ఇప్పుడు ఆమెకే కనబడదట, కర్రకూ వినబడదట. కాగితం మీద నడుస్తున్న నా కలం వైపు ఒకసారి చూసి, నా కాళ్ల వైపు చూసి, చివరగా అంది:

"రాసుడైతె రాసుకో బిడ్డ. గని జర పక్కకు జరుగు. గరిక మీద నిలవడ్డవ్."